ఫోటో లేని మూడు రోజులు

మా పాప నెలలు నిండకుండానే పుట్టింది. చోడవరం ఆసుపత్రిలో కింద అద్దాల గదిలో అది, పై అంతస్తులో ఆపరేషన్ కుట్లతో కదలలేక నా భార్య. పుట్టగానే తీసుకుపోయారు కాబట్టి తల్లి దాని ముఖమైనా చూడలేదు.

"ఒక్క ఫోటో తీసి తెండి," అంది.

రావికమతంలో మా చెరుకు మొలక వేసిన నాటి నుంచీ ఫోటోలు తీసినవాణ్ణి. కూతురి ఫోటో ఎంత పని అనుకున్నాను.

గుమ్మం దగ్గర పెద్ద నర్సు ఆపింది. "ఫోను ఇక్కడెట్టి, మోసేతుల దాకా కడుక్కుని రండి బాబూ."

"వాళ్ళమ్మ ఇంకా సూళ్ళేదండి. ఒక్కటే."

"ఫోనుకి ఎంత మురికుంటాదో తెల్సా? ఈ పసిగుంటలు తట్టుకోలేరు. కళ్ళున్నాయి కదా, బాగా సూసెళ్ళి సెప్పండి."

చిరాకుపడుతూనే లోపలికి వెళ్ళి, చూసి, పైకి వచ్చాను.

"ఎలాగుంది?"

"బాగుంది. సిన్నగుంది."

"అంతేనా? జుత్తుందా? సెవులెలాగున్నాయి?"

నాకు తెలియదు. సిగ్గేసింది. సాయంత్రం మళ్ళీ వెళ్ళి, ఈసారి కదలకుండా నిలబడ్డాను. ఎడమ చెవి కొస లేత ఆకులా ముడుచుకుని ఉంది. అరికాలు నా బొటనవేలంత. ఊపిరి తీసినప్పుడల్లా పొట్ట ఎగసి, ఒక్క క్షణం ఆగి, దిగుతోంది. పిడికిలి బిగించినా కుడిచేతి చిటికెనవేలు మాత్రం విడిగా నిలబడుతోంది. నా జన్మలో దేన్నీ అంతసేపు చూడలేదు.

అన్నీ చెబుతుంటే నా భార్య కళ్ళు మూసుకుని వింది. "సిటికెనేలు మళ్ళీ సెప్పండి," అంది. రెండో రోజంతా కిందికీ పైకీ అలాగే తిరిగాను.

మూడో రోజు ఆమెను చక్రాల కుర్చీలో కిందికి తీసుకువెళ్ళాం. గదిలో అయిదుగురు పిల్లలు. అందరికీ ఒకే రంగు టోపీలు, చెవులు కనబడవు. పైగా పిల్లల్ని ఉంచిన అద్దాల పెట్టెల చోటు మార్చారు. పాపెక్కడుందో నేనే వెతుక్కుంటున్నాను.

"అదిగో," అంది నా భార్య, కిటికీ వైపు పెట్టెను చూపిస్తూ.

నర్సు వెళ్ళి కాలికి కట్టిన చీటీ చదివింది. మాదే.

"ఎలా తెల్సిందమ్మా?" అంది నర్సు.

"ఏలు సూడండి. ఈయన సెప్పేరు కదా."

నర్సు పెట్టె పక్కన గుండ్రటి తలుపు తీసింది. తల్లి వేలు లోపలికి పెట్టగానే పాప పట్టుకుంది. చిటికెనవేలు అప్పుడూ విడిగానే ఉంది.

మూడు వారాలకు పాపను ఇంటికి తెచ్చుకున్నాం. చూడవచ్చిన మా అత్తగారు కూతుర్ని అడిగింది: "పుట్టినప్పటి ఫోటో ఏదే?"

నా భార్య పాపను ఒళ్ళో సర్దుకుంది. "తొలిరోజు ఎలాగుందంటే అమ్మా..." అని తాను చూడని ఆ రోజును మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నేను సాయం చెయ్యాల్సిన చోటు ఒక్కటీ రాలేదు.