గనిలోకి దిగని రోజు

పులివెందుల దగ్గర ఒక ముగ్గురాళ్ల గనిలో నేను ఆరేళ్లు సమ్మెట కొట్టాను. అక్కడ పని జోడుగా చేయాలి. ఒకడు ఇనుప కడ్డీని రాతికి ఆనించి పట్టుకుంటాడు, రెండోవాడు దాని తల మీద సమ్మెటతో కొడతాడు. మూరెడు లోతు బొక్క పడ్డాక అందులో మందు కూరి, ఒత్తి పెట్టి పేలుస్తారు. నా దెబ్బ కాస్త పక్కకు పోయిందంటే కడ్డీ పట్టినవాడి మణికట్టు నుజ్జయిపోతుంది. ఆ ఆరేళ్లూ నా ఎదురుగా కడ్డీ పట్టినవాడు ఒక్కడే. నాకంటే పదేళ్లు పెద్ద, మా ఊరివాడే. అన్నా అని పిలిచేవాణ్ణి. నా దెబ్బ మీద ఆయనకున్నంత నమ్మకం నాకే ఉండేది కాదు.

యుద్ధం రోజులవి. రాయి ఎంత తవ్వినా చాలదనేవారు. ఒక ఎండాకాలం ఉదయం, ముందురోజు పేలకుండా రాతిలో మిగిలిపోయిన మందు మీద అన్న బావమరిది తెలియక గునపం వేశాడు, అది పేలింది. అన్న పది అడుగుల దూరంలో ఉన్నాడు. నడుము దాకా రాళ్లలో కూరుకుపోయిన ఆయన్ని మేం చేతులతో తవ్వి తీశాం. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. బావమరిదిని మాత్రం గోనెపట్టాలో చుట్టి పైకి తెచ్చాం. నెత్తుటి మీద మట్టి చల్లించి, మధ్యాహ్నానికల్లా మేస్త్రీ మళ్లీ పని మొదలుపెట్టించాడు. ఆరోజు నేనూ నోరెత్తలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మూడోరోజు అన్న పనికి వచ్చాడు. మందు పేల్చే ముందు, అందరూ తప్పుకోవాలని రైలు పట్టా ముక్క మీద కొట్టేవారు. ఆ చప్పుడు వినగానే ఆయన తల చేతులతో కప్పుకుని నేల మీద పడిపోయాడు. పంచె తడిసిపోయింది. మేస్త్రీ పగలబడి నవ్వాడు. కొందరు తోటివాళ్లు కూడా నవ్వారు. నిజం చెప్పాలి కదా.

మర్నాడు కడ్డీ పట్టుకుంటే ఆయన చేతులు ఆగడం లేదు. సమ్మెట ఎత్తాను, దించాను.

"కొట్టు తమ్ముడా. కొట్టకుంటే మేస్త్రీ నన్ను ఇంటికి తోలేస్తాడు" అన్నాడు.

"చేతులు అదురుతాండాయి గదన్నా."

"నాకి తెల్దా? నిద్దర పడ్తాల్యా. కండ్లు మూస్తే మట్టే కనపడతాండాది."

మేస్త్రీ మా వెనకే నిలబడి ఉన్నాడు. "భయాన్ని భయంతోనే ఇడిపియ్యాల. రేపు ఒత్తి ఈడే ముట్టిస్తాడు" అని చెప్పి పోయాడు.

మర్నాడు మేస్త్రీ అన్నంత పనీ చేశాడు. మండుతున్న తాడు ముక్కను అన్న చేతిలో పెట్టాడు. అన్న దాన్ని పట్టుకుని గనిలో అలాగే నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు. నిప్పు వేళ్ల దాకా వస్తున్నా ఆయనకు తెలియడం లేదు. నేను పోయి ఆ తాడు లాక్కుని కాలికింద వేసి నలిపేశాను.

"ఈయప్ప గనిలోకి దిగడు. నేనూ దిగను" అన్నాను.

"చర్చి బడిలో నాలుగచ్చరాలు నేర్చుకునే తలికే నోరు లేస్తాండాదిరా నీకి" అన్నాడు మేస్త్రీ.

అన్న చెయ్యి పట్టుకుని పైకి ఎక్కించాను. మేం గట్టు మీద కూర్చున్న కాసేపటికి కింద ఒక సమ్మెట ఆగింది. తర్వాత ఇంకొకటి. రెండ్రోజుల కిందట నవ్విన వాళ్లలో ఒకడు అందరికంటే ముందు ఎక్కి వచ్చి, అన్న ముఖం చూడలేక నా పక్కన కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గనిలో మేస్త్రీ ఒక్కడే మిగిలాడు.

మేనేజరు గుర్రబ్బండిలో వచ్చాడు. గొడుగు కింద నిలబడి అన్నను ఎగాదిగా చూశాడు.

"వీడికి కాలు విరగలేదు, చెయ్యి విరగలేదు. ఏమిటి మీ గోల?"

అందరూ ఆయన్ని దొరా అనే పిలిచేవాళ్లు. ఆరోజు నా నోటికి ఆ మాట రాలేదు.

"కాలిరిగినోన్ని గనిలోకి దించుతారా సారూ? ఈయప్పకి దానికంటే పెద్ద దెబ్బే తగిలిండాది. మానేదాంక పైన పని ఇయ్యండి."

"ఒకడికి ఇస్తే రేపు అందరూ భయమంటారు."

"అందరికీ భయమే సారూ. ల్యానోడు ఉంటే చెయ్యెత్తమనండి."

మేనేజరు మా వైపు చూశాడు. ఒక్క చెయ్యి లేవలేదు. చివరికి ఆయన మేస్త్రీ వైపు తిరిగాడు. మేస్త్రీ తలపాగా సర్దుకుంటూ ఎటో చూశాడు.

బండ్లు రాయి కోసం కాచుకుని ఉన్నాయి. అందుకే ఒప్పుకున్నాడు కానీ మా మీద జాలితో కాదు. ఆ సంగతి మాకూ తెలుసు. అడగాల్సినవన్నీ అప్పుడే అడిగేశాం. అన్నకు పైన పని ఇవ్వాలి, పట్టా కొట్టేముందు ఒక మనిషి పోయి ఆయనకు చెప్పి రావాలి, గనిలో మనిషి చచ్చిపోతే ఆపూట సమ్మెట లేవకూడదు. మూడోదానికి మేనేజరు చాలాసేపు గొణిగాడు. మేం గట్టు మీంచి లేవలేదు. సరేనన్నాక లేచాం.

పైన కొట్టం కింద ఆడవాళ్లు తెల్లరాయిని ఎర్రమట్టి నుంచి వేరుచేస్తుండేవారు. వాళ్ల మధ్య కూర్చోవడానికి అన్న సిగ్గుపడ్డాడు. "కూచో నాయనా, మేమేమన్నా పులులమా?" అని ఒక ముసలమ్మ తన పక్కన చోటిచ్చింది. ఆమె పెనిమిటి కూడా ఆ గనిలోనే పోయాడు. రాళ్లు ఏరుతూ రోజూ ఆయన ముచ్చట్లే చెప్పేది. తిట్టేది, నవ్వేది, ఒక్కోసారి ఏడ్చేది. అన్న చాలా వారాలు ఊరికే విన్నాడు. ఒకరోజు బావమరిది సంగతి తనే ఎత్తాడట. ఆ సాయంత్రం ఇంటికి పోయి కడుపు నిండా సంగటి తిన్నాడని వాళ్ల ఇంటావిడ మా అమ్మతో చెప్పింది.

రెండు నెలలు తిరక్కముందే ఏదో సాకు చెప్పి నన్ను పనిలోంచి తీసేశారు. మళ్లీ పెట్టుకోమని అడగడానికి నేను పోలేదు. ఎర్రగుంట్ల వైపు నాపరాయి కొట్టడానికి వెళ్లిపోయాను.

కొన్నేళ్లకు కడప సంతలో అన్న కనబడ్డాడు. ఒళ్లు చేశాడు. గనిలోకి ఆయన ఆ తర్వాత ఎన్నడూ దిగలేదు. "టపాకాయ పేల్తే ఇప్పటికీ ఉలికిపడతా" అని తనే నవ్వాడు.

"ధైర్యం తెచ్చుకోని మల్లా దిగచ్చు గదా అంటారప్పా మావోళ్లు" అన్నాడు.

"నువ్వేమంటావన్నా?"

"నేను బాగైంది బతికేదానికిరా. దిగేదానికి కాదు."