ఆయుధపూజ నాడు తెగిన టన్నెల్

విడవలూరు మండలంలో సముద్రానికి అరమైలు దూరంలో ఉన్న రొయ్యపిల్లల హేచరీలో భానుప్రియ ఆరేళ్లుగా పనిచేస్తోంది. తండ్రి చేపల వేటకెళ్లే మనిషి, తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. తను నెల్లూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. కాగితం మీద ఉద్యోగం టెక్నీషియన్. చేసే ఉద్యోగం, ఎవరి తప్పుకైనా దగ్గర్లో దొరికే మనిషి. యజమాని పద్మనాభయ్యది కోవూరు, వరి రైతుల కుటుంబం. హేచరీ అంతా ఒకే ఇల్లని ఆయన తరచూ అంటుంటారు. అలాంటి ఇంట్లో అంట్లు ఎవరు తోమాలో ముందే తేలిపోయి ఉంటుంది.

ట్యాంకుల నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్లు కొలుస్తాయి. ఒక చిన్న లినక్స్ కంప్యూటర్ ఆ అంకెల్ని వీపీఎన్ టన్నెల్ గుండా, అంటే బయటివాళ్లు తొంగిచూడలేని సొంత దారిలో, నెల్లూరు ఆఫీసు సర్వరుకి పంపుతుంది. ఆక్సిజన్ పడిపోతే హేచరీలో సైరన్ మోగించేది కూడా ఆ సర్వరే. ట్యాంకు పక్కనున్న సైరన్‌కి ముప్పై కిలోమీటర్ల అవతలి నుంచి అనుమతి రావాలన్నమాట. ఈ తెలివి ఆఫీసు ఇంజనీరు నరేంద్రబాబుది.

మొదట్లో ఆ టన్నెల్‌ని చేత్తో నడిపేవారు. తెర మీద ఒక నల్ల విండో, దాని పక్కన "మూయరాదు" అని అంటించిన కాగితం. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ భానుప్రియ నరేంద్రబాబుకి ఫోన్ చేయాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉండేది. ఫోన్ ఎత్తితే ఎత్తినట్టు. టన్నెల్‌ని సిస్టమ్ సర్వీసుగా మారిస్తే మిషన్‌తో పాటు అదే లేస్తుందని, మధ్యలో పడిపోయినా మళ్లీ లేస్తుందని ఆమె చదివి తెలుసుకుంది. ఏడాదిపాటు అడిగింది. ఆగస్టులో అతను వచ్చి సర్వీసు ఫైలు రాసి, స్టార్ట్ చేసి, యజమానికి చూపించి, మెప్పు పొంది వెళ్లాడు. అదే నెల ఇన్వర్టర్ కూడా వచ్చింది; ఆ తర్వాత కరెంటు పోయినా కంప్యూటర్ ఆగలేదు.

అక్టోబరులో ఆయుధపూజ. ట్యాంకుల నీళ్లలోకి గాలి ఊదే బ్లోయర్లు తప్ప మిగతా మిషన్లన్నీ ఆపి, కడిగి, బొట్లు పెట్టడం అక్కడి ఆనవాయితీ. కంప్యూటర్ని ఆపొద్దని భానుప్రియ చెప్పింది. అది మాత్రం ఆయుధం కాదా అని పద్మనాభయ్య తనే స్విచ్చి ఆపి, కుంకుమ పెట్టి, గంట తర్వాత తనే ఆన్ చేశారు. కంప్యూటర్ మీద దీపం వెలిగింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు.

కంప్యూటర్ లేచింది, టన్నెల్ లేవలేదు. నెల్లూరు తెర మీద పూజకి ముందు వచ్చిన చివరి అంకె, అయిదున్నర, పచ్చగా అలాగే నిలిచిపోయింది. మూడో ట్యాంకు బ్లోయర్ బెల్టు తెగింది. సైరన్ మోగలేదు. విస్తళ్లు ఎత్తేసరికి రొయ్యపిల్లలన్నీ ఆ ట్యాంకు అడుగున తెల్లగా పరుచుకుని ఉన్నాయి.

మర్నాడు నరేంద్రబాబు ఒక కాగితం టైపు చేయించుకొచ్చాడు. పర్యవేక్షణ లోపం తనదేనని భానుప్రియ ఒప్పుకుంటున్నట్టు. సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఉండదు. ఊరికే ఫార్మాలిటీ అన్నాడు. పెద్దవాళ్లు చెప్పినప్పుడు తగ్గితే తప్పేమీ లేదని పద్మనాభయ్య కూడా నచ్చజెప్పారు. వినయం నేర్పే వాళ్లకి ఎదుటివాళ్ల వేలిముద్ర మీదే ఎప్పుడూ దృష్టి.

భానుప్రియ కాగితం ముట్టుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని సర్వీసు స్థితి అడిగింది. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. తెర మీద ఒకే మాట వచ్చింది: డిసేబుల్డ్.

"ఏందమ్మా అది?" అన్నారు పద్మనాభయ్య.

"స్టార్ట్ అంటే ఇప్పుడు నడువు అని సార్. ఎనేబుల్ అంటే మిషన్ లేచినప్పుడల్లా నువ్వూ లెయ్ అని. సారు మొదటిది చేసినాడు. రెండోది మరిచిపోయినాడు. ఆ రోజే ఒకసారి ఆపి ఆన్ చేసుంటే తెలిసేది."

నరేంద్రబాబు నెట్ సిగ్నలు గురించీ, వానల గురించీ ఏదో చెప్పబోయాడు.

"ఆ ఎనేబుల్ కమాండు మీరే కొట్టండి సార్. ఒకటే లైను."

పద్మనాభయ్య అతని వైపే చూస్తూ నిలబడ్డారు. కొట్టక తప్పలేదు. వెంటనే భానుప్రియ లేచి గోడ స్విచ్చి ఆపేసింది. పది లెక్కపెట్టి మళ్లీ వేసింది. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. నిమిషం తిరిగేలోపు పద్మనాభయ్య ఫోన్లో కనిపించే నెల్లూరు తెర మీద, నిన్నటి నుంచి నిలిచిపోయిన అయిదున్నర అయిదుంబావు అయింది.

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. అయిందేదో అయిందిలే, పో, పని చూసుకో అన్నారు. క్షమాపణ అడగాల్సింది ఎవరో ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

భానుప్రియ పోలేదు. నరేంద్రబాబు వైపు తిరిగింది. "పాస్‌వర్డ్ మీ కాడ, తప్పు నా కాడ పెడితే కుదర్దు సార్. పాస్‌వర్డ్ నాకూ ఇయ్యండి. ఈసారి తప్పు జరిగితే కాగితం నేనే రాసిస్తా."

నరేంద్రబాబు సెక్యూరిటీ అన్నాడు. పద్మనాభయ్య ఆ మాటకి తలెత్తలేదు. "ఇచ్చేయ్ అబ్బయ్యా" అన్నారు.

అతను చెబుతుంటే ఆమె అక్షరం అక్షరం కొట్టింది. సిస్టమ్ తెరుచుకున్న మరుక్షణం అతని ఎదుటే పాస్‌వర్డ్ మార్చేసింది.