వేలంలో గుమ్మడికాయ, కంపెనీలో లాభం

మా వదిన ప్రమీల పట్టు పట్టిందంటే వదలదు. రేపల్లెలో ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, అరవై దాటాక కంపెనీల లెక్కలు చదవడం నేర్చుకుంటానంటే నవ్వనివాళ్ళుంటారా? నేనూ నవ్వాను. ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు నాకుంది.

దీనంతటికీ కారణం మా అన్నయ్య సంజీవరావు. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి, చివర్లో చేతికొచ్చిన డబ్బంతా ఒక రొయ్యల మేత కంపెనీ షేర్లలో పెడతానన్నాడు. ఏటేటా లాభం పెరుగుతోందని ఆయన ధీమా. ఇద్దరివీ పెన్షన్ లేని ఉద్యోగాలు. ఆ డబ్బు పోతే వాళ్ళకు ఇంకో ఆధారం లేదు. నాకు నిజంగా భయం వేసింది.

వదిన కాదనలేదు. "నేను చదివి చెప్తాను, అప్పటిదాకా ఆగండి" అంది.

శనివారాలు రైలెక్కి తెనాలిలో శ్రీవల్లి గారింటికి వెళ్ళేది. ఆవిడ కామర్స్ లెక్చరర్. అడిగినవాళ్ళకు కంపెనీల వార్షిక నివేదికలు చదవడం నేర్పుతారు. మొదటిరోజు మా వదిన ఏం చేసిందనుకున్నారు? నివేదికను బైబిలు చదివినట్టు మొదటి పేజీ నుంచి భక్తిగా చదివి, చైర్మన్ గారి ఉత్తరంలో మంచి మాటలన్నిటి కిందా ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి పట్టుకెళ్ళింది.

"ప్రమీల గారూ, ఇది ప్రసంగమండి, చివర్లో చదువుకుందాం" అన్నారు శ్రీవల్లి గారు. "ముందు లాభం చూడండి. తర్వాత నగదు రాకపోకల పట్టిక చూడండి. రెండూ ఎందుకు కలవలేదో వెనక చిన్నక్షరాల్లో నోట్స్ ఉంటాయి, అవి చెప్తాయి."

వదినకు ఒక్క ముక్క ఎక్కలేదు. లాభం వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే గదా, మళ్ళీ ఇంకో పట్టిక ఎందుకు?

"కళ్ళు తిరుగుతున్నాయే, స్నేహా" అని నాకు ఫోన్ చేసి విసుక్కుంది.

మానెయ్యమన్నాను. మానేస్తే ఆవిడ ప్రమీల ఎందుకవుతుంది!

చివరికి ఆ పాఠం బుర్రకెక్కింది చర్చిలో. ఒక వానాకాలం ఆదివారం నేను బాపట్ల నుంచి వచ్చి వదిన పక్కనే కూర్చున్నాను. కప్పు కారుతోంది, సరిగ్గా ఆవిడ బైబిలు మీదే. కోతపండుగకి అందరూ కానుకగా తెచ్చిన కాయలూ కోళ్ళూ వేలం వేస్తే బోలెడు ఆదాయం వచ్చిందనీ, దాంతో కప్పు బాగుచేయిస్తామనీ అంతకుముందే సంఘంలో లెక్క చదివారు. మరి మేస్త్రీ ఏడీ? మావాళ్ళ సంగతి చెప్పాలి. వేలంలో ఊపు మీద నిమ్మకాయను కూడా వెయ్యి రూపాయలకు పాడేస్తారు. పాట ఆగగానే అది ఆదాయం కింద లెక్కకెక్కుతుంది. డబ్బు మాత్రం తీరిగ్గా ఇస్తారు, ఒక్కోసారి మళ్ళీ కోతపండుగ వచ్చేస్తుంది. వదిన తడిసిన పేజీ తుడవడం మానేసి కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి రాగానే కంపెనీ నివేదిక తెరిచింది. మేత బస్తా గోడౌను దాటితే చాలు, అమ్మకం కింద లెక్క అని నోట్స్‌లో రాసి ఉంది. డీలర్ల నుంచి రావాల్సిన బాకీలు లాభం కంటే వేగంగా పెరుగుతున్నాయి. వ్యాపారంలో చేతికొచ్చిన నగదు కంటే బయటికి పోయిందే ఎక్కువ.

"దొంగలెక్కలేం కాదండి, అన్నీ వాళ్ళే రాశారు" అంది అన్నయ్యతో. "లాభం కాగితం మీద ఉంది. డబ్బు ఇంకా రాలేదు."

అన్నయ్యకు కోపం వచ్చింది. "అంత పెద్ద కంపెనీకి వంకలు పెడతావేంటి? డీలర్లు పరువు గలవాళ్ళు, ఎగ్గొడతారా?"

"మీరూ పరువు గలవాళ్ళే గదండీ. పోయిన కోతపండుగకి గుమ్మడికాయ ఐదువేలకి పాడారు. అందరం చప్పట్లు కొట్టాం. పులుసు పెట్టుకుని తిన్నాం కూడా. డబ్బులు కట్టారా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడంటారు, మా అన్నయ్య జేబు తడుముకున్నాడు. నేను పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"కంపెనీ మునుగుతుందని నేననట్లేదు" అంది వదిన మెల్లగా. "రేపు బాగుపడొచ్చు. మన తిండిగింజలు మాత్రం అందులో పెట్టొద్దండి."

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం కూడా నేను వచ్చాను. ఆరాధన అయ్యాక అన్నయ్య సంఘం కోశాధికారి దగ్గరికి వెళ్ళి ఐదువేలు చేతిలో పెట్టి, "గుమ్మడికాయ తాలూకు" అన్నాడు. చుట్టుపక్కల అందరూ వినేలాగే అన్నాడు. మెట్లు దిగుతూ వదిన వైపు చూడకుండా, "మన డబ్బు బ్యాంకులోనే ఉండనీలే, ప్రమీలా" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను నేను.

వెనక ఎవరో పెద్దాయన గొంతు సవరించుకుని కోశాధికారిని పిలిచాడు.

"అయ్యా, నాది కోడిపుంజు."