సత్తయ్య ములుకు

1958లో నేను నల్లగొండ కోర్టులో కొత్త వకీలును. హైదరాబాదులో లా చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. కాలేజీలో అందరూ ఆస్తి చట్టం మీదా క్రిమినల్ లా మీదా పడితే, నేను ఇంటర్నేషనల్ లా పట్టుకుని వేలాడాను. దేశాల మధ్య నడిచే చట్టం అది. దానితో పాటే మానవ హక్కుల ప్రకటనను కూడా మా మాస్టారు ఒక్కో ఆర్టికల్ చొప్పున చెప్పేవారు. ప్రతి మనిషికీ ఏదో ఒక దేశపు పౌరుడిగా ఉండే హక్కు ఉందని విన్న రోజు నాకు ఒళ్ళు పులకరించింది. నలభై ఏడు ఆగస్టు నుంచి నలభై ఎనిమిది సెప్టెంబరు దాకా మన హైదరాబాదు ఒక దేశమా, కాదా అని ఒకసారి క్లాసులో అడిగాను. మాస్టారు పుస్తకం మూసి, "అది పరీక్షలో రాదు" అన్నారు.

నల్లగొండలో నా సీనియర్ ఈ చదువును చూసి నవ్వేవారు. "మనకొచ్చేటివి గట్టు పంచాయితీలు, గొర్ల దొంగతనాలు. నీ ఇంటర్నేషనల్‌ను జర అటక మీద పెట్టు" అనేవారు. నాకు ఉడుకుబోతుతనంగా ఉండేది. అప్పుడే సత్తయ్య కేసు వచ్చింది.

సత్తయ్య పోచంపల్లి మగ్గం మనిషి. బతుకుతెరువుకు బొంబాయి దిక్కు వెళ్ళి పదమూడేళ్ళు ఊరికి రాలేదు. భార్య బాలమ్మ నల్లగొండ పక్కనే పానగల్లులో అన్నగారింట్లో ఉంటోంది. ఆమెను తీసుకుపోదామని వస్తే, నల్లగొండ బస్టాండులో పోలీసులు మూట విప్పించారు. అందులో కరాచీ బట్టల మిల్లు వాళ్ళు ఇచ్చిన పాత చీటీ దొరికింది. హెడ్ కానిస్టేబుల్ "ఇది నీ ముల్కేనా?" అని అడిగాడు. "కాదు, నా ములుకు వేరే" అన్నాడు సత్తయ్య. అది ఉర్దూలో రాసుకుని, వేలిముద్ర వేయించుకుని, పర్మిట్ లేని విదేశీయుడని కేసు పెట్టారు. రుజువైతే శిక్ష, ఆ తర్వాత సరిహద్దు దాటించడం. మామూలు కేసుల్లో నేరం పోలీసులు రుజువు చేయాలి. ఫారినర్స్ యాక్ట్‌లో మాత్రం తాను విదేశీయుడిని కానని ముద్దాయే రుజువు చేసుకోవాలి. దీన్నే బర్డెన్ ఆఫ్ ప్రూఫ్ అంటాం, రుజువు బరువు.

నా బడి చదువంతా ఉర్దూలో సాగింది. ముల్క్ అంటే దేశం, నాకు అందులో అనుమానమే లేదు. జైలులో సత్తయ్యను కలిశాను. సన్నటి మనిషి, వేళ్ళ చివర్లు రంగు పట్టి ఉన్నాయి.

"సత్తయ్యా, గిది నా ములుకు కాదని పోలీసోళ్లకు చెప్పినవా?"

"చెప్పిన సారూ. కాదు గదా మరి."

"పాకిస్తాన్ నీ ములుకా?"

"అదెట్లయితది? ఆడికి బతకవోయిన. ఏడాదిన్నర మిల్లుల చేసిన. అటెన్క బొంబాయిల..."

"బొంబాయి సంగతి తర్వాత. గీడ గాదు, ఆడ గాదు. అంతేనా?"

"అంతే సారూ" అన్నాడు, ఇంత చిన్న సంగతి ఇన్నిసార్లు ఎందుకు అడుగుతున్నానో అర్థం కానట్టు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఈ దేశమూ కాదు, ఆ దేశమూ కాదు. ఇంటర్నేషనల్ లాలో ఇలాంటి వాణ్ణి స్టేట్‌లెస్ పర్సన్ అంటారు, ఏ దేశమూ తనవాడని ఒప్పుకోని మనిషి. పుస్తకంలో చదివిన మనిషి నా ఎదురుగా కూర్చుని బీడీ అడుగుతున్నాడు! సీనియర్ హైదరాబాదు వెళ్ళి ఉన్నారు. నేనే ఇంగ్లీషులో నాలుగు పేజీల అఫిడవిట్ రాశాను. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం. సత్తయ్య వేలిముద్ర వేశాడు. రేపే విడుస్తారని బాలమ్మకు కూడా చెప్పేశాను.

మేజిస్ట్రేట్ మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీశారు.

"వకీలు గారూ, మీ క్లయింట్ భారతీయుడు కాదని మీరే రాశారు. ఇంక పోలీసు వారికి పనేముంది?"

"మానవ హక్కుల ప్రకటన పదిహేనో ఆర్టికల్ ప్రకారం..."

"అది ఈ కోర్టులో చట్టం కాదు. ఇది మాత్రం అడ్మిషన్." అడ్మిషన్ అంటే ఒప్పుకోలు. బెయిలు ఇవ్వలేదు. వాయిదా పదిహేను రోజులు పడింది.

వరండాలో బాలమ్మ నిలబడి ఉంది. "ఇడుస్తరంటివి గద సారూ?"

వచ్చే వాయిదాకు చూద్దామన్నాను.

"పదమూడేండ్లు ఆగిన, పదిహేను దినాలు ఆగలేనా? గని అటెన్క ఆయనను పంపేది నా ఇంటికా, పరదేశానికా? గది చెప్పు."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. స్టేట్‌లెస్ మనిషిని ఏ దేశానికి పంపుతారో పుస్తకంలో ఉందేమో, ఆ క్షణాన ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

ఆమె కొంగుముడి విప్పి కార్డుల కట్ట ఒకటి తీసింది. "గివేమన్న పనికొస్తయా? సదివేటోళ్లు దొరికినప్పుడల్ల సదివిపిచ్చుకున్న."

అవి సత్తయ్య ఎవరితోనో తెలుగులో రాయించిన ఉత్తరాలు. ఈ దసరాకు ములుకు వస్త. వచ్చే దసరాకు తప్పక ములుకు వస్త. ములుకు వచ్చినంక మన మగ్గం మళ్ళ బిగిద్దాం. ఏటేటా అదే మాట.

"బాలమ్మా, ములుకంటే ఏంది?"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఊరు సారూ! బొంబాయి పోయినోళ్లంత గట్లనే అంటరు. పుట్టిన ఊరు. పోచంపల్లి."

నల్లగొండ అతని ములుకు కాదు. కరాచీ అతని ములుకు కాదు. అతను చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆ మాటలోకి దేశాన్ని లాగింది హెడ్ కానిస్టేబులూ నేనూ.

తిరిగొచ్చిన సీనియర్ అఫిడవిట్ చదివి, "చదవేస్తే ఉన్న మతి పోయిందంటే గిదే. నువ్వు ఆయన వకీలువా, పోలీసోళ్ల వకీలువా?" అన్నారు. తర్వాత పక్కన కూర్చుని కార్డుల మీద తపాలా ముద్రలు చూపించారు. నలభై ఏడు మొదట్లోనే బొంబాయి ముద్ర ఉంది. అప్పటి నుంచి మొన్నటి దాకా అన్నీ బొంబాయివే. దేశం విడిపోయేనాటికి మనిషి సరిహద్దుకు ఇటువైపే ఉన్నాడు.

రెండో వాయిదాలో, మొదటి అఫిడవిట్ తప్పు నాదేనని నిండు కోర్టులో చెప్పుకున్నాను. మేజిస్ట్రేట్ కార్డులన్నీ చూసి, సత్తయ్యనే అడిగారు. "నీ ములుకు ఏది?"

"పోచంపల్లి సారూ. ఇన్నొద్దులల్ల గా మాట అడిగినోళ్లు మీరే."

"మరి దేశం?"

"నేను పోయిన్నాడు నిజాం రాజ్యం ఉండె. ఇప్పుడు గిదాన్ని ఏమంటున్నరో మా వకీలు సారుకు ఎరుక" అని సత్తయ్య నా వంక తిరిగాడు. కోర్టంతా నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, లోపల నాకూ గందరగోళంగానే ఉంది. నేను పుట్టిందీ ఆ రాజ్యంలోనే.

కేసు కొట్టేశారు. బయట సత్తయ్య నా చేతులు పట్టుకున్నాడు. "నాలుగు కాయితాలు ఇంగ్లీషుల రాసినవట సారూ, నా కోసం. నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. ఆ కాగితాలే అతణ్ణి ఇంకో పదిహేను రోజులు జైల్లో ఉంచాయని చెప్పాలనుకున్నాను. బాలమ్మ పక్కనే నిలబడి, అతని మూటను తన చంకకు ఎత్తుకుంటోంది. ఈ రోజుకీ ఆ మాట వాళ్ళకు చెప్పలేదు.

ఆ తర్వాత ఏ కాగితం మీదా, మనిషికి అతని భాషలో చదివి వినిపించకుండా నేను వేలిముద్ర వేయించలేదు. జూనియర్లు విసుక్కుంటారు, ఆలస్యమవుతుందంటారు. కానివ్వండి. ఆ అఫిడవిట్‌లో, నేను ఏ దేశపువాణ్ణీ కానన్న మొదటి వాక్యం తెలుగులో చదివి ఉంటే, సత్తయ్య అక్కడే నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు.