ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన సెంటు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాల ప్యాకెట్ కొంటే తేదీ రెండుసార్లు చూస్తాను. కూరగాయలు తూకం వేసేటప్పుడు ముల్లు వదిలేసి అమ్మేవాడి చెయ్యి చూస్తాను. ఇది మా నాయన ఇచ్చిన గుణమే. ఆయన ఒక ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. లోపలికొచ్చే ప్రతి సంచినీ విప్పించిన అలవాటు ఇంకా పోలేదు. ఇలాంటి ఇద్దరం జమ్మలమడుగులో ఒకే ఇంట్లో ఉంటే, మధ్యలో నా భార్య ఎట్లా నెట్టుకొస్తోందో ఆమెకే తెలియాలి.

ఈమధ్య నాయనకు కడుపునొప్పి ఎంతకూ తగ్గకపోతే ప్రొద్దుటూరులో స్కాన్ తీయించాను. ఆ మంగళవారం రిపోర్టు కోసం నేనొక్కడినే వెళ్లాను. డాక్టరు చూసి, పేగులో గడ్డ ఉంది, మంచి గడ్డ కాకపోవచ్చు, ఈ వారంలోనే కర్నూలు తీసుకెళ్లండి, ఆలస్యం చేస్తే ఆపరేషన్‌కు కూడా లొంగదు అన్నాడు. బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. ఆమె ఏడుస్తూ, "నాయనకు చెప్పొద్దురా, ఆ మాట వింటే ఆడనే కూలబడతాడు" అంది. సరేనన్నాను. అన్నానే గానీ, ఇంటికెళ్లి ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. బజారులో ఊరికే తిరిగాను.

తిరిగి తిరిగి ఒక అత్తరు దుకాణం ముందు ఆగాను. గడ్డానికి గోరింటాకు పెట్టిన పెద్దాయన ఒక కాగితం ముక్క మీద రెండు చుక్కలు వేసి నా ముక్కు దగ్గర పెట్టాడు. చీనీకాయ, అదే బత్తాయి, తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన, దాని వెనక ఏదో ఆకు పసరు.

"కొలోన్ అంటారు సార్ దీన్ని. మూడు వందల ఏండ్ల నాటి సరుకు. జర్మనీలో ఊరి పేరది. రాజులు, సేనాపతులు యుద్ధానికి పోతా గూడా పూసుకుంటాండ్రంట. మగోళ్ల సెంట్లన్నిటికీ ఇదే తాత."

రాజుల పేరు చెప్పకుండా ఏ సెంటు అమ్ముతారులే అనుకున్నాను. సీలు గోకి చూశాను, అట్టపెట్టె మీది సన్నక్షరాలన్నీ చదివాను. ఆఖరుకు కొన్నాను. నలభై ఎనిమిదేళ్లుగా సబ్బు తప్ప ఏదీ రాసుకోని నేను ఆ రోజే ఎందుకు కొన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మంచి వాసనేదైనా ముక్కుకు తగిలితే డాక్టరు మాట కాసేపు వినపడదనుకున్నానేమో. సీసా, రిపోర్టు ఒకే సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఇంట్లో నాయనతో, "కడుపులో పుండంట, మాత్రలు వాడితే చాలన్నారు" అన్నాను. ఆయన నా సంచివైపు చూశాడు.

నేను పని చేసే హైస్కూలు పులివెందులలో. రోజూ బస్సులో పోయొస్తాను. బుధవారం పొద్దున గడ్డం గీసుకుని, చెంపలకు, మెడకు కొలోన్ పూసుకుని వెళ్లాను. స్టాఫ్ రూములో చీనీ తోట ఉన్న లెక్కల సారు గాలి పీల్చి, "ఏంది సార్, మా తోట ఈడికి నడిచొచ్చినట్టుండాది. ఎవురికోసం ఈ సోకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇంటి నుంచి అంత దూరంలో రిపోర్టు సంగతి కాసేపు మరిచిపోయినందుకు సిగ్గుగా కూడా అనిపించింది.

సాయంత్రం మా పేటలో దిగగానే, వీధి మొదట్లో కూర్చునే ముసలామె నన్ను ఆపింది.

"ఎవురు పొయినారబ్బీ? యాడ భూస్థాపన?"

"ఎవరూ పోలేదు అత్తా."

"మరి ఆ వాసనేంది?"

అప్పుడు తట్టింది. మా చర్చి సంఘంలో మనిషి పోతే, కడిగి తెల్లబట్టలు కట్టాక, వచ్చినవాళ్లంతా తలా ఇంత సెంటు చల్లుతారు. శవపెట్టె మూసేదాకా చల్లుతూనే ఉంటారు. మంచం పట్టినవాళ్ల మీద ఆశ వదులుకున్న ఇళ్లలో, తెల్లబట్టతోపాటు ఒక సీసా కూడా ముందే తెచ్చి పెట్టుకుంటారు. ఆ చౌక సీసాలో ఉండేది కూడా ఈ కొలోన్ లాంటిదే. లిల్లీ పూల మధ్య, ఏడుపుల మధ్య తప్ప నేనెన్నడూ పీల్చని వాసన కాబట్టి దుకాణంలో గుర్తుపట్టలేదు. పేటలో మాత్రం ప్రతి ముక్కుకూ తెలుసు.

ఆ రాత్రి నాయన అన్నం సగంలో లేచాడు. మరునాడు నా భార్యను, "మీ ఆయన ప్రొద్దుటూరు నుంచి ఏం తెచ్చినాడమ్మా?" అని అడిగాడట. ఆమె అమాయకంగా సెంటని చెప్పింది. అప్పటినుంచి నేను ఆయన్ని గమనిస్తున్నాను, ఆయన నన్ను గమనిస్తున్నాడు. రిపోర్టు దొరికిందేమోనని నా భయం. దాన్ని తీసుకెళ్లి స్కూల్లో సొరుగులో పెట్టి తాళం వేశాను. రోజూ అక్కకు ఫోన్ చేసి, కర్నూలులో పెండ్లి ఉందని చెబుదామా, కంటి పరీక్షని చెబుదామా అని అబద్ధాలు వెతుకుతున్నాను. ఏదీ కుదరడం లేదు, రోజులు మాత్రం పోతున్నాయి.

శనివారం పొద్దున నాయన గడ్డం గీసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బల్ల మీద నా కొలోన్ సీసా.

"ఇది ఎవురికి?"

"నాకే నాయనా."

"మీయమ్మకు నేనే పోస్తి గదరా దీన్ని. ఇది నాకు తెలీదా? ఎన్ని దినాలన్నారు?"

"పూసుకోవడానికి కొనుక్కున్నా. కావాలంటే చూడు, ఎంత తగ్గిందో!" అని గట్టిగా అరిచాను. తప్పు నాదైనప్పుడే నాకు ముందు కోపం వస్తుంది.

"సరే, నీకే. రిపోర్టు చూపియ్."

"స్కూల్లో ఉండాది."

"నా రిపోర్టు స్కూల్లో ఏం చేస్తాండాది? పాఠం చెప్తాండాదా?"

ఇక నా వల్ల కాలేదు. నేల మీద కూర్చుని గడ్డ సంగతి, ఆపరేషన్ సంగతి, డాక్టరు పెట్టిన వారం గడువు, అన్నీ చెప్పేశాను. సీసా గురించి ఆయన అనుమానం తప్పు. నా గురించి మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. కూలబడతాడనుకున్న మనిషి కదలకుండా అంతా విన్నాడు.

"వారమంటే నాలుగు దినాలు నువ్వే తినేస్తివి" అన్నాడు.

ఆయన సీసా మూత తీసి అరచేతిలో పోసుకుని, అప్పుడే గీసిన చెంపలకు పట్టించాడు. మంటకు మొహం చిట్లించాడు. తర్వాత అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చాడు.

"శానా బాగుండాది. ఇన్నేండ్లూ వాసన తెలీనోళ్లకు పోస్తా వస్తిమి గదరా."

నేను ఏడుస్తున్నాను. ఆయన కాలితో నా భుజాన్ని తట్టాడు.

"లెయ్. కర్నూలు బస్సు ఎన్ని గంటలకో కనుక్కొని రాపో. టైమన్నా నిజం చెప్పు."