అన్నం బెల్లుకు బడి చూసొచ్చే మనిషి

మా ఇంట్ల పొద్దుగాల బిడ్డకు జడలేసేది నేను గాదు, వాళ్ల నాయన. నేను చేన్లకు ముందుపోయేదాన్ని. ఆయన వైష్ణవిని గడప కాడ కూసోబెట్టుకొని మోకు పేనినట్టు గట్టిగ అల్లేటోడు. "నొస్తుంది నాయనా" అంటే, "బడి ఇడిసేదాంక ఊడొద్దు బిడ్డా" అనేటోడు. ఆషాఢంల ఆయన గుండె ఆగి పోయినంక ఆ పని నాకొచ్చింది. నేనేసిన జడ పగటాలకే ఊడుతది. బిడ్డనే మళ్ల ముడేసుకుంటది.

ఆయన పేరు సత్తయ్య. మాది గద్వాల కాడ గట్టు మండలం దిక్కు పల్లె. కౌలు చేన్ల సీడు పత్తి, అంటే ఇత్తనాల పత్తి ఏస్తం. ఆ పత్తిల పూలను మనుషులే కలపాలె. సాయంత్రం మొగ్గలు ఒలిచి పెడితే, తెల్లారి వాటికి మగపూల పుప్పొడి అద్దుతరు. ఒలవని మొగ్గకు తెల్లారి అద్దే పనే ఉండదు. పిల్లల వేళ్లు ఈ పనికి మంచిగ ఆడుతయని, శ్రావణమొస్తే బడులు సగం ఖాళీ అయితయి. ఆయన గూడ గట్లనే నాలుగో తరగతిల చేన్లకొచ్చి, మళ్ల బడికి పోలే.

అందుకే బిడ్డకు బడి ఆయనే ఎతికిండు. అన్నం బెల్లు కొట్టే యాళకు పోయి నిలబడేటోడు. "చదువు సంగతి నాకేం తెలుస్తది? అన్నం కాడ పిల్లల్ని ఎట్ల జూస్తున్రో తెలుస్తది గద" అనేటోడు. గద్వాలల ప్రైవేటు బడికి పోయొచ్చి నవ్విండు: "కుర్చీ ఏసిన్రు, చాయ్ ఇచ్చిన్రు. పిల్లల్ని మాత్రం చూడనియ్యలే." మా ఊరి సర్కారు బడిల అయిదు తరగతులకు ఒక్క సారు. వడ్డించుకుంటనే ఎక్కాలు చెప్పిస్తుండె. "మనిషి బంగారం. ఇంకొక్క సారునిస్తే మన బిడ్డ ఈన్నే సదువుతుండె" అని నలుగుర్ని ఎంటేసుకొని మండలం ఆఫీసు సుట్టు తిరిగిండు. ఇంకో సారు రాలే. ఆఖరికి వనపర్తి దిక్కు గురుకులం చూసొచ్చి, పరీక్ష రాయించిండు.

సీటు ఆయన పోయినంక వచ్చింది. రేపటిలోపల చేర్పియ్యకుంటే ఇంకొకరికి ఇస్తరు.

ఈ పగటాల మా బావ భీమయ్య వచ్చిండు. కౌల్ల సగం బావది, సగం మాది.

"యమునమ్మా, కూలోళ్లు దొరుకుతలేరు. ఈ ఒక్క సీజన్ పిల్లను ఉంచు. ఊళ్లె బడి ఉండనే ఉన్నది."

"ఊళ్లె బడికి పోతదా బావా, చేన్లకు పోతదా?"

బావ తువ్వాల దులిపి భుజానేసుకున్నడు. "సరే తీయ్. రేపు పొద్దున పువ్వు అద్ది పోండ్రి. వద్దంటున్ననా?"

పువ్వు అద్దుడంటే ఎండ నెత్తికెక్కేదాంక పడ్తది. అప్పటికి వనపర్తి బస్సు ఉండదు. ఒలిచిన మొగ్గ కండ్లముందట ఉంటే ఇడిసిపోనీకి నాకు మనసొప్పదు, బిడ్డకు గూడ ఒప్పదు. వాళ్ల నాయన చేసిన చేను గద.

పొద్దు వాలింది. మొగ్గలు ఒలిచే యాళయింది. చేను ఒడ్డు మీద నా పక్కన కూసున్న వైష్ణవి లేచి, "అమ్మా, పోదామా?" అన్నది.

"కూసో బిడ్డా" అన్న.

బావ సాళ్లల్ల మనుషులు వంగి ఒలుస్తుండ్రు. మా సాళ్లల్ల మేం ఒక్క మొగ్గ గూడ ముట్టలే.