మేనల్లుడి కడుపులోని మంచి పురుగు

మొన్న పంటినొప్పికి మందులు రాసిన డాక్టరమ్మ, వాటితోబాటు ఇంకో మాత్ర కూడా రాసి, ఇందులో కడుపుకు మేలుచేసే బ్యాక్టీరియా ఉంటుంది, భయపడకండి అని ధైర్యం చెప్పింది. భయమెందుకు, ఆ జాతితో నాది పాత పరిచయం. పడుచుతనంలో వాటికోసం సీసా పట్టుకుని పసిబిడ్డలున్న ఇళ్ళ చుట్టూ తిరిగినవాణ్ణి.

మా కాలంలో ఎమ్మెస్సీ చదివినవాడు బ్యాంకులోనో బడిలోనో కుదురుకునేవాడు. నేను తుమకూరులో ఒక కాలేజీ ల్యాబులో చేరి, తల్లిపాలు తాగే బిడ్డల కడుపులోని మంచి బ్యాక్టీరియా మందుగా పనికొస్తుందో లేదో పరీక్షించే పనిలో పడ్డాను. వాటిని బయటికి తీయడం పెద్ద విద్యేమీ కాదు, ఆ పని బిడ్డే చేస్తుంది, మనం వేళకు అక్కడ ఉండాలి. తిరుమణిలో ఇచ్చిన మా అక్కకు అప్పుడే కొడుకు పుట్టాడు గనుక, చదువుకు చుట్టరికం కలిసొచ్చింది.

అక్క అత్తగారికి మాత్రం ఇది నచ్చలేదు. మనవడిది ఏదైనా సరే గడప దాటితే దిష్టి తగులుతుందని, సీసా మూతకు కాటుకబొట్టు పెట్టిగానీ పంపలేదు. ఆ నల్లచుక్క ఏమిటని ల్యాబులో మా సారు అడిగితే గుర్తుకోసం అన్నాను. ఇక బస్సులో ఐసుముక్కల ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుంటే, పక్కనున్న పెద్దాయన "ఐసుక్రీమాప్పా?" అని ఆశగా అడిగాడు. కాదని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

ఆ సీసాలోంచి వచ్చిన ఒక రకం, మన జీర్ణాశయంలో ఉండేంత పులుపులో వేసినా చావలేదు. శనక్కాయలు వలుస్తూ కూర్చున్న అక్కతో, నీ కొడుకు కడుపులోది గట్టిది, రేపు పిల్లల విరేచనాలకు ఇదే మందు కావచ్చు అన్నాను. అది పిత్తరసంలో కూడా బతకాలి, హాని చేయదని తేలాలి అని కూడా చెప్పాను గానీ, అక్క మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది.

మరుసటి ఏడు వాన మొగం చాటేసింది, చేలో శనక్కాయ మొలకలోనే ఎండింది, బావి అడుగున మిగిలిన నీళ్ళు తాగి ఏడాది నిండిన మేనల్లుడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం అక్కా, అత్తగారూ ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు. బిడ్డ భుజంమీద వాడిన ఆకులా వేలాడుతున్నాడు. దారిలో ఉన్న పావగడ ఆసుపత్రిని దాటేసి, అంత దూరం బస్సులో వాణ్ణి నా దగ్గరికే తెచ్చారు.

"నువ్వు పెంచేది వీని కడుపులోదే కదప్పా. వీనిది వీనికే ఇంత పొయ్యి," అంది అక్క.

పరీక్షలింకా కాలేదక్కా అన్నాను.

"బిడ్డ కండ్లు తేలేస్తా ఉంటే పరీచ్చలంటావేందప్పా?" అంది అత్తగారు.

అక్క గాజు తలుపు వెనక వరుసగా ఉన్న గొట్టాలకేసి చూసింది. సొంత బిడ్డది ఆ బిడ్డకే ఇవ్వనన్నవాణ్ణి ఎలా చూడాలో ఆమెకు తెలియలేదు. నీరసించిన పసివాడికి ఏమవుతుందో తెలియనిది పోయడానికి నాకు చెయ్యి రాలేదు. వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి నడిచాను. నేను ఉప్పూ చక్కెరా కలిపిచ్చిన నీళ్ళు చెంచాతో పోస్తూ, నా మొగం చూడకుండా, అక్క పక్కనే నడిచింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి వాడు నా ఒళ్ళో, నాకున్న ఒకే ఒక మంచి ప్యాంటు మీద ఉచ్చ పోశాడు. ఒంటికి నీరు పట్టింది, ఇక గండం గడిచినట్టేనని నర్సమ్మ నవ్వింది. "పోసినాడప్పా నా బంగారు," అంటూ అక్క కొంగుతో నా ప్యాంటు తుడుస్తూ ఏడ్చింది.

ఆ గట్టిది తర్వాత పిత్తరసంలో వేయగానే చచ్చిపోయింది. పోసివుంటే మేలు మాట దేవుడెరుగు, ఆసుపత్రికి పోవలసిన వేళ కాస్తా దాటిపోయేది. అక్కకు చెబితే, "అది పోతే పోనీలేప్పా, మనోడు ఉండాడు కదా," అంది.

ఇప్పుడు వాళ్ళ శనక్కాయ చేలో సోలార్ పలకలున్నాయి. మేనల్లుడి పిల్లలకు జ్వరమొస్తే వాడు నన్ను అడగడు, నేరుగా ఆసుపత్రికి పోతాడు. పోవలసింది అక్కడికే, ఆనాడు నేనూ అక్కడికే పోయాను. అయినా, చుట్టాల్లో ఒకడు చదువుకున్నాడన్న ఒక్క ధైర్యంతో ఒళ్ళో బిడ్డను పెట్టుకుని అంత దూరం బస్సెక్కి వచ్చే నమ్మకం మళ్ళీ ఎక్కడా నాకు ఎదురుపడలేదు. చేతిలో మందు లేని నేను ఆ రోజున దానికి తగినవాణ్ణి కాను. ఇప్పుడు తగుతానో లేదో చూద్దామంటే, వచ్చి అడిగేవాళ్ళు లేరు.